తాల్చేర్ గండశిలల్లో మంచు జాడను గుర్తించిన బ్లాన్‌ఫర్డ్

ధర్సీవా (రాయ్‌పూర్): ధర్సీవా పరిధిలోని సిల్తరా పారిశ్రామికవాడలో స్పాంజ్ ఐరన్ కొలుములు బొగ్గుతోనే నడుస్తాయి. ఛత్తీస్‌గఢ్ బొగ్గు క్షేత్రాల్లో బొగ్గు పొరల అడుగున తాల్చేర్ శిలలు ఉంటాయి. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం ఈ నేలను మంచు కప్పిందనడానికి అవే సాక్ష్యం. ఉష్ణమండల భారతంలో మంచు ఉండేదన్న మాటను మొదట వినిపించినవారిలో విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్ ముఖ్యులు.

ఆయన 1832 అక్టోబరు 7న లండన్‌లో జన్మించారు. అక్కడి రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోనూ, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లోనూ చదివి, 1855లో తమ్ముడు హెన్రీతో కలిసి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. సోదరులకు అప్పగించిన తొలి పని ఒడిశాలోని తాల్చేర్ బొగ్గు క్షేత్రం. అక్కడ మెత్తని బురద గట్టిపడిన రాతిలో పెద్ద పెద్ద గండశిలలు కూరుకుపోయి కనిపించాయి. అంత బరువును మోసుకురాగల వేగం ప్రవాహానికి ఉంటే సన్నని బురద అక్కడ నిలవదు. కనుక రాళ్లను తెచ్చినది మంచేనని 1856 నాటి నివేదికలో వారు, సహచరుడు థియోబాల్డ్ ప్రతిపాదించారు. అయితే వారు తలచినది మహా హిమానీనదాన్ని కాదు, నీటి అడుగున గడ్డకట్టే మంచును. 23 ఏళ్ల యువకుడు ఆ మాత్రం చెప్పడమే సాహసం.

బలమైన రుజువు 1870లలో వెలువడింది. తెలంగాణ ఉత్తర సరిహద్దున పారే పెన్‌గంగ తీరంలో, చాందా ప్రాంతపు ఇరై వద్ద, నునుపు దేలి గీతలు పడిన సున్నపురాతి నేలను ఫెడెన్ గుర్తించారు. రాళ్లను ఈడ్చుకుంటూ మంచు కదిలితేనే అటువంటి గీతలు పడతాయి.

చిక్కు ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ మంచు కొండల నుంచి లోయల వెంట దిగినదా, కొండలనే కప్పిన మహాఫలకమా? పలుచని మంచు కొండను చుట్టి లోయ దారి పడుతుంది. దళసరి మంచు శిఖరం మీదుగానే సాగుతుంది. కనుక ఒక్కచోటి గీతలు చూసి మొత్తం ప్రవాహ దిశను నిర్ణయించడం ప్రమాదకరం. పైగా నాటి కొండలు చాలావరకు అరిగిపోయాయి. నేటికీ పరిశోధకులు ముందుగా ఆ పర్వతాలను ఊహలో తిరిగి నిలబెట్టుకోవలసి వస్తోంది.

బ్లాన్‌ఫర్డ్ అబిసీనియా, పర్షియాలలోనూ పర్యటించారు. మెడ్లికాట్‌తో కలిసి రచించిన భారత భూగర్భశాస్త్ర గ్రంథం 1879లో వెలువడింది. 1882లో పదవీ విరమణ చేశాక జంతుశాస్త్రం వైపు మళ్లినా, మంచు ఆయన్ను వదలలేదు. హిమాలయ జాతుల బంధువులు దక్షిణాది కొండలపై ఎందుకున్నాయన్న ప్రశ్నకు, ఇటీవలి హిమయుగపు చలిలో అవి మైదానాలకు దిగి, వేడి తిరిగి రాగానే దగ్గరి పర్వతాలెక్కాయని 1901లో వివరించారు. తమ్ముడు హెన్రీ వాతావరణ శాస్త్రవేత్తగా హిమాలయ మంచుకూ రుతుపవనాలకూ ఉన్న ముడిని పరిశీలించడం మరో విశేషం.

విలియం 1905 జూన్ 23న లండన్‌లో కన్నుమూశారు. ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ వద్ద, హస్‌దేవ్ ఒడ్డున, తాల్చేర్ శిలల్లో సముద్ర జీవుల శిలాజాలు బయటపడినది 1954లో.