ఇసబెల్ కెర్

ఇసబెల్ కెర్ (1875 – 1932) స్కాట్లాండుకు చెందిన వైద్యురాలు. నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లిలో కుష్ఠురోగ చికిత్సాలయాన్ని నెలకొల్పి ప్రసిద్ధి చెందింది. పసుపు వాణిజ్యానికి ఆర్మూరు ఎలాగో, కుష్ఠు చికిత్సకు డిచ్‌పల్లి అలాగ ఈ జిల్లాకు పేరు తెచ్చింది. నేటి విద్యార్థులకు మాత్రం డిచ్‌పల్లి అనగానే తెలంగాణ విశ్వవిద్యాలయమే గుర్తుకువస్తుంది.

జీవిత విశేషాలు

ఇసబెల్ గన్ ఇన్వర్‌నెస్ ప్రాంతంలోని గొల్లన్‌ఫీల్డ్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించింది. అబెర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య నభ్యసించి 1903లో పట్టభద్రురాలైనది. అదే సంవత్సరం జార్జి కెర్‌ను వివాహమాడినది. వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున దంపతులిద్దరూ 1907లో నిజాము రాజ్యానికి వచ్చారు.

డిచ్‌పల్లి చికిత్సాలయం

ఆ రోజులలో కుష్ఠు సోకినవారిని ఇంటినుండి, ఊరినుండి వెలివేసేవారు. రోగకారక క్రిమిని హాన్సెన్ 1873లోనే గుర్తించినా నమ్మదగిన మందు లేదు. కెర్ దంపతులు మొదట నిజామాబాదులో చిన్న ఆశ్రయం ఆరంభించారు. అది త్వరలోనే నిండిపోయింది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లి కేంద్రం ఏర్పడింది. క్రైస్తవ మిషను ఆసుపత్రికి హిందూ దాత ఆధారమగుట గమనార్హం.

ఆశ్రయమిచ్చి ఊరుకొనక వ్యాధిని నయం చేయాలన్నది ఈమె పట్టుదల. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ అభివృద్ధి చేసిన పద్ధతిని అనుసరించి హిడ్నోకార్పస్ నూనెను సూదిమందుగా ఇచ్చేది. సూదులు బాధాకరమైనవి, చికిత్స దీర్ఘమైనది. ముదిరిన రోగులకు ఫలితం స్వల్పమే. తొలిదశలో వచ్చినవారిలో మాత్రం మెరుగు కనిపించేది.

కనుక అసలు కీలకం వ్యాధిని తొందరగా పసిగట్టుట. స్పర్శ తెలియని మచ్చను, మోచేతివద్ద మందమైన నరమును చేతితో తడిమి గుర్తించవలెను. ఈ నేర్పు పుస్తకంతో రాదు. భారత వైద్యమండలి 2019లో ప్రవేశపెట్టిన సామర్థ్యాధారిత వైద్యవిద్యలో కుష్ఠు లక్షణాలను, నరాల పరీక్షతో సహా, విద్యార్థి స్వయంగా చేసి చూపవలెనని నియమమున్నది. నిజామాబాదు ప్రభుత్వ వైద్యకళాశాల (2013) విద్యార్థులకు ఈ చరిత్ర తమ జిల్లాలోనిదే.

1923లో ఈమెకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో మరణించింది. సల్ఫోను మందులు వచ్చినది 1940 దశకంలో; ఈమె వాటిని చూడలేదు. తరువాత కొన్నేళ్లు జార్జి కెర్ ఆ పని కొనసాగించాడు. డెర్మట్ మోనహాన్ డిచ్‌పల్లి కుష్ఠురోగులపై 1938లో ఆంగ్లంలో ఒక పుస్తకం వ్రాశాడు.