మూలికల పేర్లు సరిచేసిన మహనీయుడు ఇబ్నుల్ బైతార్

మానవజాతి మూలపురుషుడైన ఆదం (అ)కు అల్లాహ్ సకల వస్తువుల పేర్లు నేర్పాడని, దైవదూతలకు సైతం తెలియని ఆ పేర్లను ఆయన చెప్పగలిగారని దివ్య ఖురాన్‌లోని బఖరా సూరా మనకు తెలియజేస్తోంది. పేరు తెలియడం జ్ఞానానికి తొలిమెట్టు అన్నమాట. ఈనాడు మన పిల్లలు జీవశాస్త్రం పుస్తకం తెరవగానే ప్రజాతి, జాతి, శాస్త్రీయ నామం వంటి పారిభాషిక పదాలు ఎదురవుతాయి. నోరు తిరగని ఈ పేర్లు ఎందుకని వారు విసుక్కుంటారు. ఊరికొక పేరున్న మొక్కకు అందరూ ఒప్పుకునే పేరు ఎందుకు కావాలో, ఆ పేరు తప్పితే ఎంత ప్రమాదమో తెలుసుకోవాలంటే 13వ శతాబ్దపు ఒక ముస్లిం పండితుని జీవితం చూడాలి. ఆయనే ఇబ్నుల్ బైతార్. ఈ వారం ఆ మహనీయుని పరిచయం చేసుకుందాం.

ఆయన పూర్తి పేరు జియావుద్దీన్ అబూ ముహమ్మద్ అబ్దుల్లాహ్ బిన్ అహ్మద్. సుమారు క్రీ.శ. 1197లో ఉందులుస్‌లోని, అంటే నేటి స్పెయిన్‌లోని, మలఖా నగరంలో జన్మించారు. అరబ్బీలో బైతార్ అంటే పశువైద్యుడు. పశువైద్యుని కుమారుడు కనుకనే ఇబ్నుల్ బైతార్ అన్న పేరు స్థిరపడింది. యవ్వనంలో ఆయన ఇష్బీలియా (సెవిల్) నగరానికి వెళ్ళి, వృక్షశాస్త్రంలో దిట్ట అయిన అబుల్ అబ్బాస్ నబాతీ శిష్యులయ్యారు. ఆ గురువు చదువు కేవలం గదిలో చెప్పేది కాదు. గురుశిష్యులు కలసి నగరం చుట్టుపక్కల పొలాలు, గుట్టలు తిరుగుతూ మొక్కలు సేకరించేవారు.

ఆనాటి వైద్యులను పీడించిన సమస్య ఒకటుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు దియాస్కోరిదిస్ రాసిన ఔషధ గ్రంథమే వారికి ఆధారం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇస్తఫాన్ బిన్ బసీల్ దానిని అరబ్బీలోకి అనువదించగా, హునైన్ బిన్ ఇస్‌హాఖ్ సరిదిద్దారు. అయితే అరబ్బీలో పేరు తెలియని మొక్కలకు అనువాదకుడు గ్రీకు పేరునే ఉంచేశారు. తరువాతి కాలంలో వాటిని గుర్తించేవారిని దైవమే పంపుతాడని ఆయన నమ్మకం. మందు గుణం పుస్తకంలో ఉంది, కాని ఆ మందు ఏ మొక్కలో ఉందో చదివేవారికి తెలియదు! 10వ శతాబ్దంలో కుస్తుంతునియా చక్రవర్తి ఆ గ్రంథం బొమ్మల ప్రతిని ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు కానుకగా పంపాడు. దానిని చదివి వినిపించేందుకు నికోలస్ అనే క్రైస్తవ సన్యాసి 951లో ఖుర్తుబా చేరుకున్నారు. ముస్లిం, యూదు, క్రైస్తవ పండితులు ఒకేచోట కూర్చుని చాలా మొక్కలను గుర్తించారు. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు.

దీనికి తోడు లేఖకుల పొరపాట్లు. అరబ్బీ లిపి తెలిసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. చుక్క కింద ఉంటే బే, పైకి చేరితే నూన్, రెండు చుక్కలైతే తే. గ్రంథాన్ని చేతితో నకలు రాసే మనిషి ఒక్క చుక్క తప్పుగా వేస్తే చాలు, మొక్క పేరు మారిపోతుంది. పేరు మారితే మందు మారుతుంది. మందు మారితే రోగి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చిక్కును విప్పడానికే ఇబ్నుల్ బైతార్ తన జీవితాన్ని అంకితం చేశారు. సుమారు 1220లో ఆయన స్వదేశం విడిచి ఉత్తర ఆఫ్రికా తీరం వెంట బయలుదేరారు. బిజాయా, తూనిస్, తరాబులుస్ ప్రాంతాలు చూశారు. గ్రీకు భాష మాట్లాడేవారున్న రూమ్ దేశాలకూ వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా మొక్కను అది పెరిగే చోటనే కళ్ళారా చూడడం, స్థానికులు దానిని ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకోవడం ఆయన పద్ధతి. చివరకు అయ్యూబీ సుల్తాన్ మలిక్ అల్ కామిల్ కొలువులో చేరారు. సుల్తాన్ ఆయనను ఈజిప్టులోని మూలికావైద్యులందరికీ అధిపతిగా నియమించారు. 1238లో సుల్తాన్ మరణించిన తరువాత ఆయన కుమారుడు మలిక్ అస్సాలిహ్ నజ్ముద్దీన్ కొలువులోనూ అదే గౌరవం దక్కింది.

హిజ్రీ 633లో దమిష్క్‌లో ఒక యువ వైద్యుడు ఆయనను కలుసుకున్నారు. ఆయనే తరువాత వైద్యుల చరిత్ర రాసి ప్రసిద్ధుడైన ఇబ్ను అబీ ఉసైబియా. ఇద్దరూ కలసి నగరం వెలుపల మొక్కల కోసం తిరిగారు. గురువుగారి సౌజన్యాన్ని, జ్ఞాపకశక్తిని ఆ శిష్యుడు ఎంతగానో కొనియాడారు. ఇబ్నుల్ బైతార్ ఒక మూలికను తీసుకుని ముందు దాని గ్రీకు పేరు, తరువాత దియాస్కోరిదిస్, జాలీనూస్ చెప్పినవి, ఆ పిమ్మట వచ్చినవారి అభిప్రాయాలు, వారు ఎక్కడెక్కడ పొరబడ్డారో వివరించేవారట. అది ఏ ప్రకరణంలో ఎన్నవ మందో కూడా చెప్పేవారట. శిష్యుడు గ్రంథాలు తెరిచి చూస్తే అక్షరం పొల్లుపోయేది కాదు.

ఆయన రచనలలో అగ్రగణ్యమైనది మందులు, ఆహారపదార్థాల గురించిన అల్ జామి. మొక్కలు, జంతు సంబంధమైన పదార్థాలు, ఖనిజాలు కలిపి సుమారు 1400 అంశాలను అందులో అక్షర క్రమంలో వివరించారు. నూటయాభైకి పైగా పూర్వ గ్రంథకర్తల మాటలను ఎవరివి వారి పేరుతోనే ఇచ్చారు. తాను స్వయంగా పరిశీలించి నిజమని తేలినదానినే స్వీకరించారు. పూర్వులు ఎంతటివారైనా తప్పు చేస్తే నిర్మొహమాటంగా చెప్పారు. ఒకే మొక్కకు అరబ్బీ, గ్రీకు, బర్బర్, ఉందులుస్ లాటిన్ పేర్లు ఇచ్చి, లేఖకులు పొరబడకుండా చుక్కలు, ఉచ్చారణ గుర్తులు జాగ్రత్తగా పెట్టించారు. రోగాల వారీగా మందులు చెప్పే అల్ ముగ్నీని, దియాస్కోరిదిస్ గ్రంథంలోని పేర్లకు వివరణను, బాగ్దాద్ వైద్యుడు ఇబ్ను జజ్లా పుస్తకంలోని లోపాలను చూపే మరో గ్రంథాన్ని కూడా రచించారు.

పేరును నమోదు చేయడం వల్ల కలిగే మేలుకు ఒక ఉదాహరణ చూద్దాం. బర్బర్ భాషలో పక్షి పాదం అని అర్థం వచ్చే ఆత్రిలాల్ అనే మొక్క ఉంది. దాని గింజలతో బొల్లి మచ్చలకు చికిత్స చేసే విద్యను బిజాయా ప్రాంతంలోని ఒక తెగవారు తండ్రి నుంచి కొడుక్కు రహస్యంగా దాచుకున్నారు. గింజల పొడి తిని, మచ్చలకు ఎండ తగిలేలా కూర్చోవడం ఆ చికిత్స. ఇబ్నుల్ బైతార్ దానిని గ్రంథస్థం చేసి, ఈజిప్టులో ఆ మొక్కను కాకి పాదం అంటారని కూడా రాశారు. ఆధునిక శాస్త్రంలో దాని పేరు అమ్మి మేజస్. 1940లలో ఈజిప్టు శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి మెథాక్సలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దానికి అతినీలలోహిత కిరణాలు తోడైతేనే పని జరుగుతుందని తేలింది. అంటే ఎండలో కూర్చోవాలన్న నియమం ఉత్తిది కాదన్నమాట! అయితే మోతాదు మించితే చర్మం కాలిపోతుంది కనుక దీనిని నిపుణుడైన వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

ఇబ్నుల్ బైతార్ హిజ్రీ 646 షాబాన్ మాసంలో, అంటే 1248లో, దమిష్క్‌లో హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన మొక్కలు ఏరుకుంటూ చదువుకున్న ఇష్బీలియా నగరం అదే ఏడు ముస్లింల చేజారింది. రాజ్యం పోయింది, కాని అక్కడ నేర్చిన విద్య పోలేదు. అల్ జామి 1874లో కైరోలోని బూలాఖ్ ముద్రణాలయంలో అచ్చయింది. లెక్లెర్క్ చేసిన ఫ్రెంచి అనువాదం 1877 నుంచి 1883 వరకు వెలువడింది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచారు. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. మన చింతచెట్టు శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. అది తమ్ర్ హిందీ, అంటే భారతదేశపు ఖర్జూరం, అన్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. మన వేపచెట్టు పేరు అజాడిరక్టా ఇండికా. అందులో ఉన్నది ఆజాద్ దరఖ్త్ అన్న పారశీక పదం. నోరు తిరగడం లేదని మన పిల్లలు పక్కన పెట్టే పదాలలో మన పెద్దల మాటలే ఉన్నాయి.

ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మందును వెతకడం, సరైన పేరుతో నలుగురికీ చెప్పడం మనిషి బాధ్యత. విన్నదానిని కళ్ళతో చూసి నిర్ధారించుకోవడం, ఎవరి మాట వారికి ఆపాదించడం, తప్పును దాచకుండా దిద్దడం ఇబ్నుల్ బైతార్ మనకు నేర్పిన పాఠాలు. మన పిల్లలు, అబ్బాయిలే కాదు అమ్మాయిలు కూడా, జీవశాస్త్రాన్ని పరాయి విద్య అనుకోకుండా చదవాలి. అట్టి జ్ఞానతృష్ణను అల్లాహ్ వారికి ప్రసాదించుగాక!