విమాన సాధకుడు లాంగ్లీ

పచ్చిక బయలున వెల్లకిల పరుండి ఒక బాలుడు ఆకాశమును చూచుచుండెను. పైన నొక డేగ రెక్కలు చాచి, వానిని కదపకయే చాలసేపు తేలియాడుచుండెను. గాలికంటె బరువైన పక్షి క్రింద పడక యెట్లు నిలిచినదను సంశయము ఆ బాలుని మనస్సున నాటుకొనెను. ఏబది యేండ్లు దాటిన పిమ్మట ఆతడు ఆ సంశయమును మరల చేపట్టెను. అతడే శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీ.

లాంగ్లీ 1834 ఆగస్టు 22వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున రాక్స్‌బరీలో జన్మించెను. ఆయన కళాశాలలో చదివినవాడు కాడు. బోస్టను నగరమున ఉన్నత పాఠశాల విద్య ముగించి, ఖగోళశాస్త్రమును స్వయంకృషిచే నభ్యసించెను. 1867లో అలెఘనీ వేధశాలకు అధ్యక్షుడయ్యెను. సూర్యుని వేడిమిని మిక్కిలి సూక్ష్మముగా కొలుచు బోలోమీటరను పరికరమును నిర్మించి కీర్తి గడించెను. 1887లో వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శి యయ్యెను.

గాలికంటె బరువైన యంత్రము ఎగురుననుట ఆ దినములలో పరిహాసాస్పదమగు మాట. గొప్ప శాస్త్రసంస్థకు పెద్దయైనవాడు అట్టి పనికి పూనుకొనిన, సంపాదించిన పేరే పోవచ్చును. అయినను లాంగ్లీ వెనుదీయలేదు. మొదట రబ్బరు పట్టీలను మెలిపెట్టి, అవి విడివడు శక్తితో పంకాలు తిరుగునట్లు చిన్న నమూనాలను చేయించెను. అవి కొన్ని క్షణములు మాత్రమే యెగిరెను. అందుచే ఆవిరి యంత్రమును అమర్ప నిశ్చయించెను.

అసలు చిక్కు ఇక్కడనే కలిగెను. యంత్రము బలముగా నుండవలెనన్న బరువు పెరుగును. బరువు తగ్గించిన శక్తి చాలదు. దానిని ఎక్కడ నిలుపవలెననునది వేరొక ప్రశ్న. ముందుకు జరిపిన ముక్కు వాలును; వెనుకకు జరిపిన తోక క్రుంగును. నిప్పు రగుల్చు పొయ్యి, బాయిలరు, యంత్రము, ఈ మూడును సమతూకమునకు వచ్చునట్లు ఒకే వరుసలో అమర్పవలెను. యంత్రపు అదురునకు చట్రము వంగరాదు. తొలి నమూనాలు ఈ పరీక్షలకు నిలువలేదు. ఒకటి మితిమీరిన బరువయ్యెను. కొన్నిటికి బలము చాలలేదు. కొన్నిటి రెక్కలు గాలి యొత్తిడికి మెలిపడెను. లాంగ్లీ విసుగు చెందక లోపములను కనుగొని దిద్దించెను. నాలుగవ నమూనానే గుర్తుపట్టరానంతగా మార్పించగా అది ఆరవ నమూనా యయ్యెను.

1896 మే 6న క్వాంటికో యొద్ద, పొటోమాక్ నదిలోని పడవయింటి కప్పునుండి అయిదవ నమూనాను స్ప్రింగు సాధనముతో వదలిరి. దాని బరువు సుమారు 11 కిలోలు. యంత్రపు బలము సుమారు ఒక అశ్వశక్తి. మనుష్యుడు లేని ఆ విమానము వలయములుగా తిరుగుచు వేయి మీటర్లు పోయి, మెల్లగా నీటిపై దిగెను. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆ దృశ్యమును కన్నులార చూచి ఛాయాచిత్రము తీసెను. ఆ యేడే నవంబరు 28న ఆరవ నమూనా దాదాపు 1,460 మీటర్లు ఎగిరెను. పాతదానిని దిద్దిన శ్రమ ఫలించెను.

1898లో అమెరికా యుద్ధశాఖ మనిషిని మోయు విమానమునకై లాంగ్లీకి 50,000 డాలర్లు మంజూరు చేసెను. ఇచ్చట నొక సూత్రము గమనింపదగినది. నమూనాను ప్రతి కొలతలోను నాలుగింతలు పెంచిన, రెక్కల వైశాల్యము పదునారింతలగును. బరువో అఱువది నాలుగింతలగును. చిన్నదానికి చాలిన గట్టితనము పెద్దదానికి చాలదు. లాంగ్లీ సహాయకుడైన చార్లెస్ మాన్లీ 52 అశ్వశక్తుల పెట్రోలు ఇంజనును సిద్ధపఱచెను. ఆ కాలమున అది అద్భుతము. కాని దానిని మోయు చట్రము బలహీనము. నడుపువానికి తగిన అదుపు లేదు. 1903 అక్టోబరు 7న, మరల డిసెంబరు 8న, మాన్లీ యెక్కిన విమానము నదిలో కూలెను. అదృష్టవశమున మాన్లీ రెండు మారులును బ్రదికి బయటపడెను. పత్రికలు లాంగ్లీని నిర్దయగా పరిహసించెను.

తొమ్మిది దినములకే, డిసెంబరు 17న, రైట్ సోదరులు 12 అశ్వశక్తుల ఇంజనుతో ఎగిరిరి. వారు ఇంజనును క్రింది రెక్కపై, నడుపువాని కుడిప్రక్కన నిలిపిరి. అది మనిషికంటె బరువగుటచే కుడి రెక్కను నాలుగంగుళములు పొడవు చేసిరి. శక్తి యొక్కటే చాలదనియు, తూకమును అదుపును అంతకంటె ముఖ్యములనియు వారు గ్రహించియుండిరి.

లాంగ్లీ 1906 ఫిబ్రవరి 27న మరణించెను. ఆయన శ్రమ వ్యర్థమయ్యెనా? కాలేదు. 1899లో విల్బర్ రైట్ విమాన విషయక గ్రంథములకై స్మిత్‌సోనియన్ సంస్థకు జాబు వ్రాయగా, వచ్చినవానిలో లాంగ్లీ రచనయు నుండెను. అంతటి పండితుడు మనుష్యుడెగురగలడని నమ్ముట తమకు ధైర్యమిచ్చిన కారణములలో నొకటియని రైట్ సోదరులు తరువాత అంగీకరించిరి. 1920లో అమెరికా నౌకాదళము తన మొదటి విమానవాహక నౌకకు ఆయన పేరు పెట్టెను.

విద్యార్థులారా! లోపమును వెదకి దిద్దుకొనినంతకాలము లాంగ్లీ గెలిచెను. చిన్నదానియందలి విజయము పెద్దదానికిని చాలునని నమ్మినపుడు ఓడెను. ఆ గెలుపును, ఆ ఓటమియు రెండును మనకు పాఠములే.