ఫిలిప్ లెనార్డ్: కాంతి విద్యుత్ ఫలితాన్ని కొలిచి, దాని అర్థాన్ని కాదన్న శాస్త్రవేత్త

ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో కాంతి విద్యుత్ ఫలితం పాఠం చదివిన వారికి హెర్ట్జ్, హాల్‌వాక్స్‌లతో పాటు లెనార్డ్ అనే పేరూ పరిచయమే. హెర్ట్జ్ పేరు పౌనఃపున్యానికి ప్రమాణమై నిత్యవ్యవహారంలో నిలిచింది. ఐన్‌స్టీన్ సంగతి చెప్పనక్కరలేదు. వారిద్దరికీ నడుమ వంతెనగా నిలిచిన లెనార్డ్ జీవితకథ మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

నాడు హంగరీలో ప్రెస్‌బర్గ్‌గా, నేడు స్లొవాకియా రాజధాని బ్రటిస్లావాగా పిలుస్తున్న నగరంలో, 1862 జూన్ 7న ఒక వైన్ వర్తకుని ఇంట ఆయన జన్మించారు. 1886లో హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, కొన్నేళ్లకు బాన్ నగరంలో హైన్‌రిష్ హెర్ట్జ్‌కు సహాయకునిగా చేరారు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు విద్యుత్ స్ఫులింగం సులువుగా పుడుతోందని 1887లో తొలిసారి గమనించినది ఆ హెర్ట్జే. 1894 జనవరి 1న, 36 ఏళ్ల ప్రాయంలోనే, గురువు కన్నుమూశారు. లెనార్డ్ తన పరిశోధనలను పక్కనబెట్టి ఆయన చివరి గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించారు. ఆ జీవితంలో నిస్వార్థంగా కనిపించే ఘట్టం బహుశా ఇదొక్కటే.

మరుసటి ఏడాది రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. కాథోడ్ కిరణాలను పల్చని అల్యూమినియం రేకు గుండా గొట్టం వెలుపలికి రప్పించినది తానైతే, కీర్తి మరొకరిని వరించిందన్న బాధ లెనార్డ్‌ను జీవితాంతం వదల్లేదు. 1929లో ఆయన వెలువరించిన మహాశాస్త్రజ్ఞుల జీవితచరిత్రలలో రాంట్‌జన్‌కు చోటే దక్కలేదు.

కీల్ నగరంలో ఆచార్యునిగా ఉండగా ఆయన చేసిన పని నేటికీ నిలిచి ఉంది. గాలి తీసేసిన గొట్టంలో ఒక లోహపు పలకపై ఆర్క్ దీపపు కాంతిని ప్రసరింపజేసి, వెలువడిన ఎలక్ట్రాన్లను ఎదుటి పలకపై రుణ విద్యుత్తుతో అడ్డుకున్నారు. ఎంత వోల్టేజీ వద్ద ప్రవాహం పూర్తిగా ఆగుతుందో తెలిస్తే, అత్యంత వేగవంతమైన ఎలక్ట్రాను శక్తి ఎంతో తెలుస్తుంది. దీనినే నిరోధక పొటెన్షియల్ అంటారు. 1902లో ఆయన ప్రకటించిన ఫలితం శాస్త్రలోకాన్ని ఇరకాటంలో పెట్టింది. కాంతి తీవ్రతను వెయ్యి రెట్ల మేర మార్చినా ఆ వోల్టేజీ మారలేదు. కాంతి పెరిగితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగింది, వాటి శక్తి మాత్రం పెరగలేదు. ఆ శక్తి మారాలంటే కాంతి రకమే మారాలి.

కాంతి తరంగమే అయితే ఇది పొసగదు. పెద్ద అల ఒడ్డును గట్టిగా కొట్టినట్టే, ప్రకాశవంతమైన కాంతి ఎలక్ట్రానును బలంగా నెట్టాలి కదా! ఎలక్ట్రాన్లకు ఆ శక్తి పరమాణువులోనే ఉంటుందని, కాంతి కేవలం తలుపు తీస్తుందని లెనార్డ్ వివరించారు. ఆ వివరణ నిలవలేదు.

1905లో ఐన్‌స్టీన్ లెనార్డ్ ప్రయోగాలను పేరుతో ప్రస్తావిస్తూ వేరొక మార్గం చూపారు. కాంతి శక్తి పొట్లాలుగా వస్తుంది. పొట్లం పరిమాణం పౌనఃపున్యంపై ఆధారపడుతుంది. ఒక్కో పొట్లం ఒక్కో ఎలక్ట్రానుకు శక్తినిస్తుంది. లోహాన్ని వీడేందుకు కావలసిన కనీస శక్తి, అంటే పని ప్రమేయం, పోగా మిగిలినదే ఎలక్ట్రాను గతిజ శక్తి. ఆరంభ పౌనఃపున్యానికి దిగువనున్న కాంతి ఎంత తీవ్రమైనా ఒక్క ఎలక్ట్రానునూ వెలువరించలేదు. అందుకే సీజియం దృశ్యకాంతికే స్పందిస్తుంది, జింకుకు అతినీలలోహితం కావాలి. అమెరికాలో మిల్లికాన్ ఏళ్ల తరబడి కొలిచి, 1916 నాటికి ఆ సమీకరణం సరైనదేనని తేల్చారు.

లెనార్డ్‌కు 1905లోనే కాథోడ్ కిరణాల పరిశోధనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ రోజుల్లో ఐన్‌స్టీన్ పట్ల ఆయనకు గౌరవమే ఉండేది, ఇరువురి మధ్య ఉత్తరాలూ నడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను కరుడుగట్టిన జాతీయవాదిని చేసింది. యుద్ధానంతరం సాపేక్ష సిద్ధాంతంపై విముఖత యూదు ద్వేషంగా ముదిరింది. 1920లో బాడ్ నౌహైమ్ సమావేశంలో ఐన్‌స్టీన్‌తో బహిరంగంగా తలపడ్డారు. 1922 జూన్‌లో యూదుడైన విదేశాంగ మంత్రి రాథెనౌ హత్యకు గురైతే, సంతాప దినాన తన సంస్థపై జెండాను అవనతం చేయడానికి నిరాకరించారు. ఆగ్రహించిన జనం ఆయనను బయటకు ఈడ్చుకొచ్చారు.

అదే ఏడాది నవంబరులో, 1921 సంవత్సరానికి గాను ఐన్‌స్టీన్‌కు నోబెల్ ప్రకటించారు. వివాదాస్పదమైన సాపేక్షతకు కాదు, కాంతి విద్యుత్ ఫలిత నియమానికి. తాను దున్నిన పొలంలో పండిన పంట అది. లెనార్డ్ అకాడమీకి నిరసన తెలిపారు.

1924లోనే హిట్లర్‌ను బాహాటంగా సమర్థించిన ఆయన, 1936, 1937లలో జర్మన్ భౌతికశాస్త్రం పేరిట నాలుగు సంపుటాలు వెలువరించారు. విజ్ఞానానికీ జాతి ఉంటుందన్నది వాటి వాదం. ఆయన ఆరాధించిన గురువు హెర్ట్జ్ తండ్రి యూదు మూలాలున్న కుటుంబానికి చెందినవారే. నాజీల ఏలుబడిలో హెర్ట్జ్ భార్య, ఇద్దరు కుమార్తెలు జర్మనీ విడిచి ఇంగ్లండ్ చేరారు.

1945లో నాజీ పాలన కూలాక విశ్వవిద్యాలయ గౌరవాలు పోయాయి. వృద్ధాప్యం వల్ల విచారణ తప్పింది. మెస్సెల్‌హౌజెన్ అనే పల్లెలో 1947 మే 20న, 84 ఏళ్ల వయసులో లెనార్డ్ మరణించారు. చంద్రునిపై ఒక బిలానికి ఆయన పేరు పెట్టిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, 2020లో దానిని తొలగించింది.