జైహింద్ వెనుక మనిషి – ఆబిద్ హసన్ సఫ్రానీ

మార్కాపురం, గిద్దలూరు, కంభం, తర్లుపాడు... మనలో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా, ఆగస్టు పదిహేనున బిళ్లలు పంచేముందు గొంతెత్తి జైహింద్ అన్నవాళ్లమే. ఆ మాట ఎక్కడిదని అడిగితే నేతాజీ పేరు చెప్పి ఊరుకుంటాం. దాని వెనుక ఒక హైదరాబాదీ ఉన్నారని, ఆయన ఇంజనీరింగ్ చదువు సగంలో వదిలేశారని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు ఉంటే బాగుంటుందనిపించింది.

జైనుల్ ఆబిదీన్ హసన్ 1911లో హైదరాబాద్‌లో పుట్టారు. తల్లి విదేశీ బట్టలను తగలబెట్టిన దేశాభిమాని. ఆయన కూడా కాలేజీ వదిలి గాంధీజీ ఉద్యమంలోకి వెళ్లారు, కొంతకాలం సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు, జైలు కూడా చూశారు. ఆ రోజుల్లో స్తోమత ఉన్న ఇళ్లలో పైచదువంటే ఇంగ్లండే. ఆయన మాత్రం ఇంజనీరింగ్ కోసం జర్మనీ వెళ్లారు. అక్కడుండగానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో నేతాజీ బెర్లిన్ చేరారు. ఆబిద్ హసన్ చదువు పక్కన పెట్టి ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా చేరిపోయారు. హిట్లర్ ప్రభుత్వం సాయం తీసుకోవడం సరైనదేనా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. వాళ్లకు మాత్రం ముందున్న శత్రువు తెల్లదొర పాలనే.

ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు పట్టుబడ్డ భారతీయ సైనికుల నుంచి నేతాజీ ఒక దళాన్ని తయారుచేశారు. అందులో చేరినవారు సుమారు 3,000 మంది. బ్రిటిష్ సైన్యంలో సిక్కులకు ఒక కంపెనీ, రాజపుత్రులకు ఒకటి, ముస్లింలకు ఒకటి అన్నట్టుగా ఉండేది. ఇక్కడ అందరినీ కలిపేశారు. కలిపాక ఒక చిన్న చిక్కు వచ్చింది. ఎదురుపడితే ఎవరి పలకరింపు వారిదే. అందరికీ సరిపోయే మాట ఒకటి కావాలి. జైహింద్ అన్న మాటను సూచించింది ఆబిద్ హసనే అని ప్రసిద్ధి. నమస్కారం, సలాం, వందనాలు మూడూ ఒకే వరండాలో వినబడిన బడిలో చదివిన మనకు ఆ చిక్కు ఏమిటో, ఆ మాట విలువ ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే జలాంతర్గామిలో తూర్పు ఆసియాకు బయలుదేరారు. వెంట తీసుకెళ్లింది ఒక్క ఆబిద్ హసన్‌నే. ఇరుకు గది, ఎక్కడ చూసినా డీజిల్ వాసన. పడవలో దొరికిన కాసిని బియ్యం, పప్పుతో ఆయన నేతాజీకి కిచిడీ వండిపెడితే, నేతాజీ జర్మన్ అధికారులను కూడా పిలిచి పెట్టేవారట. దారిలో ఆ జలాంతర్గామి ఒక బ్రిటిష్ ఆయిల్ ట్యాంకరును ముంచింది. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర, ఎగసిపడే అలల మధ్య రబ్బరు తెప్ప మీద జపాన్ వారి ఐ-29లోకి ఇద్దరూ మారారు. మే 6న సుమత్రా కొసన ఉన్న సబాంగ్ చేరారు. మొత్తం సుమారు మూడు నెలలు.

1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారిగా ఆయన ఇంఫాల్ పోరాటంలో ఉన్నారు. వానలు, మలేరియా, ఆకలి మధ్య వెనుదిరగాల్సి వచ్చింది. ఏ భాషవాడైనా ఏ మతంవాడైనా ఒకరినొకరు పట్టుకుని నడిచిన ఆ సైనికుల గురించి తర్వాత ఆయనే రాశారు. జెండాలో కాషాయమా, ఆకుపచ్చా అని వాదం వచ్చినప్పుడు హిందూ సోదరులు తమ పట్టు వదులుకున్నారు. అది చూసి మనసు కరిగి, కాషాయాన్ని గుర్తుచేసే సఫ్రానీ అన్న మాటను తన పేరులోనే కలుపుకున్నారు.

1945 ఆగస్టు 17న సైగాన్‌లో, జపాన్ విమానంలో నేతాజీకి కాక మరొక్కరికే చోటు దొరికింది. ఆ చోటు హబీబుర్ రహమాన్‌కు దక్కింది. సముద్రం అడుగున తోడున్న మనిషి నేల మీద ఉండిపోయారు. మర్నాడే తైవాన్‌లో విమానం కూలింది.

ఆ తర్వాత ఆబిద్ హసన్ బ్రిటిష్ వారికి బందీ అయ్యారు. విడుదలయ్యాక 1948లో విదేశాంగ శాఖలో చేరి పలు దేశాల్లో పనిచేశారు, డెన్మార్క్‌లో మన రాయబారిగా ఉన్నారు. 1969లో రిటైరై హైదరాబాద్ వచ్చి, 1984లో కన్నుమూశారు.

మా వృత్తిలో ఏ కట్టడమైనా ముందు బీటలిచ్చేది అతుకు దగ్గరే. ఇంజనీరింగ్ పట్టా చేతికి రాని ఆబిద్ హసన్ ఒక పలకరింపుతో, ఒక ఇంటిపేరుతో ఆ అతుకుల మీదే పనిచేశారు. మన బడిలో చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులు నేతాజీ పాఠం వచ్చిన రోజున ఈ పేరు కూడా బోర్డు మీద రాస్తారని ఆశిస్తున్నాను.