పది నవలల మనిషి: పెర్ వాలో

మన విద్యార్థి సంఘం వాళ్లు ఈ ఏటి సావనీరుకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసిమ్మని అడిగినారు. ఏ జాతీయ నాయకుణ్ణో, ఏ శాస్త్రజ్ఞుణ్ణో వాళ్లు ఆశించి ఉంటారు. నేను రాయబోతున్నది ఒక డిటెక్టివ్ నవలల రచయిత గురించి. అదీ మన దేశంవాడు కాదు, స్వీడన్ దేశస్థుడు. 1975లోనే చనిపోయినాడు. పేరు పెర్ వాలో. అధ్యాపక మిత్రులు నొసలు ముడవకుండా చివరిదాకా చదవమని మనవి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. నేను ఆదోనిలో డిగ్రీ చదివి ఈ కాలేజీకి వచ్చినవాణ్ణి. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, కొండ మీద కోట. సెలవుల్లో మాకు ఒకటే పని. బాడుగ పుస్తకాల అంగడికి పోయి కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకోవడం, రాత్రికి రాత్రి చదివేసి పొద్దున్నే వాపసు ఇచ్చేయడం. ఆలస్యమైతే రెండో రోజు బాడుగ పడుతుంది మరి! డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మాకు పక్కింటి వాళ్లకంటే దగ్గర. యుగంధర్ గదిలోకి అడుగుపెట్టినాడంటే చాలు, ఇంక హంతకుడి పని అయిపోయినట్టే.

మా ఇంట్లో కూడా ఒక పోలీసు ఉండేవాడు. మా నాయన హెడ్ కానిస్టేబులు. రాత్రి డ్యూటీలు, బందోబస్తులు, వేళకు తిండి లేక కడుపునొప్పి. ఇంటికి వస్తే బూట్లు విప్పి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చునేవాడు. కాలేజీలో ఎవరైనా మీ నాయన ఏం చేస్తాడని అడిగితే గవర్నమెంటు ఉద్యోగమని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

1981లో నాయన ఎమ్మిగనూరు వైపు పనిచేస్తుండగా ఎల్లెల్సీ కాలువలో ఒక ఆడమనిషి శవం కొట్టుకొచ్చింది. ఆ కాలువ తుంగభద్ర డ్యామునుంచి కర్ణాటక మీదుగా మన వైపు వస్తుంది. శవం ఎక్కడ నీళ్లలో పడిందో ఎవరికి తెలుసు? పేరు లేదు, ఊరు లేదు. ఆమె కట్టుకున్న చీర ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని నాయన తిరగడం మొదలుపెట్టినాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. అక్కడ ఒక ముసలాయన ఆ ముక్కను వేళ్లతో సాగదీసి చూసి, ఇది మా నేత కాదన్నాడట. ఒంటి పడుగునూ పైట పడుగునూ పోగుకు పోగు మెలేసి కలిపిన చోటు చూపించి, ఇది ఇలకల్ చీర అని తేల్చినాడు. అంటే కన్నడ సీమ ఆడవాళ్లు కట్టేది. కానీ ఆ చీర కట్టేవాళ్లు ఎన్ని ఊళ్లలో లేరు! తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడుతూ నాయన సిరుగుప్ప వైపు ఊళ్లన్నీ బస్సుల్లో, బాడుగ సైకిళ్ల మీద నాలుగు నెలలు తిరిగినాడు. డ్యూటీ లేని రోజుల్లో కూడా పోయినాడు.

ఒకరోజు అన్నం దగ్గర నేను ఎగతాళి చేసినాను. యుగంధరైతే ఈ కేసు రెండు రోజుల్లో తేల్చేసేవాడని అన్నాను. నాయన ఏమీ అనలేదు. జొన్నరొట్టె తుంచుకుని తింటూ ఉండిపోయినాడు. చివరికి పేరు దొరికింది. కేసు అవతలి రాష్ట్రం పోలీసులకు పోయింది. పేపర్లో నాయన పేరు రాలేదు. నేను ఆ సంగతే మరిచిపోయినాను.

పదేళ్ల తర్వాత ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో 'ది లాఫింగ్ పోలీస్‌మన్' అనే నవల దొరికింది. రాసినవాళ్లు ఇద్దరు: మాయ్ షోవాల్, పెర్ వాలో. స్టాక్‌హోంలో ఒక సిటీబస్సులో తొమ్మిది మందిని ఎవరో కాల్చేస్తారు. బాగానే మొదలైంది. కానీ ఏడెనిమిది మంది పోలీసులు ఒక్కసారిగా మీదపడినారు. ఎవరు ఎవరో, ఎవరికి ఎవరంటే ఎందుకు పడదో అర్థం కాలేదు. ఒక్క యుగంధరూ లేడు. నలభై పేజీలకే అటక మీదికి విసిరేసినాను. అది పది నవలల వరుసలో నాలుగోదని, నేను నడుస్తున్న నాటకంలోకి మూడో అంకంలో దూరినానని అప్పుడు తెలియదు.

నాయన 2004లో పోయినాడు. 2009లో బెంగళూరులో ఒక పుస్తకాల షాపులో ఆ వరుసలో మొదటిది, 'రోజానా', కనిపిస్తే ఎందుకో కొన్నాను. మొదటి పేజీలోనే స్వీడన్‌లో యోటా కాలువ పూడిక తీస్తున్న యంత్రం బురదతోపాటు ఒక ఆడమనిషి శవాన్ని పైకి తెస్తుంది. పేరు లేదు, ఊరు లేదు, ఒంటిమీద ఆనవాలు లేదు. పుస్తకం మూసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. అప్పటినుంచి ఈ నవల రాసిన మనిషి ఎవరని వెతకడం మొదలైంది.

పెర్ వాలో 1926 ఆగస్టు 5న స్వీడన్ పడమటి తీరంలోని హాలాండ్ ప్రాంతంలో పుట్టాడు. మన కొమ్మూరి కూడా 1926లోనే పుట్టడం ఒక విచిత్రం. వాలో లుండ్ విశ్వవిద్యాలయంలో చదువుకుని, 1940ల చివర్లో పత్రికా రచయిత అయ్యాడు. నేరాల వార్తలు, సాంఘిక విషయాలు రాసేవాడు. నేరాన్ని పుస్తకాల్లో కాక స్టేషన్లలో, కోర్టుల్లో చూసినవాడు కనుకే, హంతకుడు మేధావి కానక్కర్లేదని, పోలీసు వీరుడు కానక్కర్లేదని ఆయనకు ముందే తెలుసు. అభిప్రాయాల్లో వామపక్షవాది. 1950ల్లో స్పెయిన్‌లో ఉంటే, ఫ్రాంకో ప్రభుత్వం ఆయన్ను దేశంనుంచి వెళ్లగొట్టింది.

తిరిగివచ్చి నవలలు రాయసాగాడు. మొదటిది 1959లో వెలువడింది. అధికారం మనిషిని ఏం చేస్తుందన్నదే ఆ నవలల్లో ప్రశ్న. 1964లో వచ్చిన 'మర్డర్ ఆన్ ది థర్టీ ఫస్ట్ ఫ్లోర్' లో దేశంలోని పత్రికలన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. ఆ కంపెనీకి బాంబు బెదిరింపు ఉత్తరం వస్తే, ఒక పోలీసు అధికారి వారం రోజుల్లో దాని ఆచూకీ తీయాలి. రాజకీయం చెప్పడానికి నేరపరిశోధన మంచి వాహనమన్న సంగతి ఆయన అప్పటికే కనిపెట్టాడన్నమాట.

1960ల మొదట్లో ఆయనకు మాయ్ షోవాల్ పరిచయమైంది. ఆమె ఆయనకంటే తొమ్మిదేళ్లు చిన్న. పత్రికల్లో పనిచేసేది, అనువాదాలు చేసేది. పెళ్లి తంతు లేకుండానే ఇద్దరూ కాపురం పెట్టారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒకసారి యోటా కాలువ మీద పడవ ప్రయాణం చేస్తుంటే, ఒక అందమైన అమెరికన్ యువతి ఒంటరిగా నిలబడి కనిపించిందట. వాలో ఆమెవైపే చూస్తున్నాడని గమనించిన షోవాల్, మన నవలను ఈమె హత్యతోనే మొదలుపెడదామని చమత్కరించింది. 'రోజానా' అట్లా పుట్టింది. సవతి మచ్చరం సాహిత్యానికి ఇంత మేలు చేసిన సందర్భం ఇంకొకటి ఉండదేమో!

వాళ్లు రాసే పద్ధతి చూడండి. ముందు నెలల తరబడి స్థలాలు తిరిగి, దూరాలు, కాలాలు కొలుచుకుని కథంతా వేసుకునేవారు. పగలు ఉద్యోగాలు, పిల్లలు. రాత్రి పిల్లలు నిద్రపోయాక ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని చెరొక అధ్యాయం చేత్తో రాసేవారు. ఒకరిది ఒకరు దిద్ది టైపు చేసేవారు. ఏ వాక్యం ఎవరిదో తెలియకుండా, అలంకారాల్లేని మాటల్లో రాయాలన్నది ఒప్పందం.

ఇంకో ఒప్పందం కూడా ఉంది. పది నవలలు, ఒక్కొక్కదానికి ముప్పై అధ్యాయాలు, అన్నీ కలిసి ఒకే పెద్ద నవల. మొదటిదానికి ముందే ఈ లెక్క వేసుకున్నారు. 'ఒక నేరం కథ' అని అన్నిటికీ కలిపి ఉపశీర్షిక. ఆ నేరం కాలువలో జరిగిన హత్య ఒక్కటే కాదు. పుట్టుక నుంచి చావు దాకా ప్రజలను చూసుకుంటానన్న సంక్షేమ రాజ్యం, ముసలివాళ్లను, తాగుబోతులను, పనిలేని కుర్రాళ్లను ఎట్లా దిక్కులేనివాళ్లను చేసిందన్నది వాళ్లు చూపదలచిన అసలు నేరం. 'రోజానా' వెలువడిన 1965లోనే స్వీడన్‌లో ఊరూరి పోలీసు వ్యవస్థను తీసేసి దేశమంతా ఒకే ప్రభుత్వ పోలీసుగా మార్చారు. ఆ మార్పు పదేళ్లలో పోలీసును జనంనుంచి ఎంత దూరం చేసిందో ఈ పది నవలల్లో వరుసగా కనిపిస్తుంది.

కథానాయకుడు మార్టిన్ బెక్. పొట్టలో నొప్పి, జలుబు, నిద్రలేమి, ఇంట్లో సరిపడని భార్య. ఓడ బొమ్మలు కట్టుకుంటూ కాలం గడుపుతాడు. అతని గొప్పతనమల్లా ఓపిక. పక్కన లావుపాటి కోల్‌బెర్గ్, ఏదీ మరిచిపోని మెలాండర్, నోటిదురుసు గున్వాల్డ్ లార్సన్. 'రోజానా' లో శవానికి పేరు తెలియడానికే నెలలు పడుతుంది. ఉత్తరం రాస్తారు, జవాబు కోసం చూస్తారు. ఫోటోలు తెప్పించి చూస్తారు, మళ్లీ చూస్తారు. బస్సు తప్పిపోతుంది, కాఫీ చల్లారిపోతుంది. చదువుతున్నంతసేపూ నాకు వేడినీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకున్న మా నాయనే కళ్లముందు ఉన్నాడు.

మొదట్లో ఈ పుస్తకాలు అంతగా అమ్ముడుపోలేదు. మెల్లమెల్లగా పేరొచ్చింది. 'ది లాఫింగ్ పోలీస్‌మన్' కు 1971లో అమెరికాలో ఎడ్గార్ బహుమతి దక్కింది. 1973లో హాలీవుడ్ వాళ్లు దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చి సినిమా తీశారు. లోపాలు లేవని నేను అనను. ఆరో నవల దాటాక రచయితలు అప్పుడప్పుడు కథను ఆపి ఉపన్యాసం చెబుతారు. పోలీసు పెద్దలందరూ మూర్ఖులుగానే కనిపిస్తారు. కోపం ఎక్కువైన చోట కళ తగ్గుతుందన్నది వాలోకూ వర్తిస్తుంది.

పదో నవల 'ది టెర్రరిస్ట్స్' నాటికి ఆయన ఆరోగ్యం పూర్తిగా పాడైంది. 1975 మొదట్లో స్పెయిన్‌లోని మలగాలో ఇల్లు తీసుకుని, ఎక్కువ భాగం తానే రాశాడు. ఒకప్పుడు తనను వెళ్లగొట్టిన దేశంలోనే ఆ పని ముగించడం చిత్రం. అదే జూన్‌లో స్వీడన్‌లో చనిపోయాడు. నిండా నలభై తొమ్మిదేళ్లు లేవు. అనుకున్న పదీ అనుకున్నట్టే పూర్తయ్యాయి. షోవాల్ తర్వాత నలభై అయిదేళ్లు, 2020 దాకా బతికింది. కానీ పదకొండో బెక్ నవల రాయలేదు. 1991లో మొదలైన హెన్నింగ్ మాన్‌కెల్ వాలాండర్ నవలలు, 2005 నుంచి వచ్చిన స్టీగ్ లార్సన్ నవలలు, ఇవాళ స్కాండినేవియా నేరకథలని లోకమంతా చదివేవన్నీ ఈ జంట వేసిన బాటలో నడిచినవే.

విద్యార్థి మిత్రులకు ఒక్క సలహా. మొదలుపెడితే 'రోజానా' తోనే మొదలుపెట్టండి. బహుమతి వచ్చింది కదా అని నాలాగా నాలుగోదాని మీద పడకండి. నాలుగో నవలలో ఆ బస్సులో చనిపోయినవాళ్లలో మొదటి నవల నుంచి మనతో నడిచిన ఒక కుర్ర డిటెక్టివ్ ఉంటాడు. వరుసగా చదివినవాళ్లకు అది మన ఇంటి చావులాగా తగులుతుంది. నాలాగా మధ్యలో దూరినవాడికి అది శవాల లెక్కలో ఒకటి. మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి. విసుగొస్తే ఆ విసుగుతోనే చదవండి. పోలీసు పనిలో ఎక్కువ భాగం ఆ విసుగేనని చెప్పడానికే ఆయన అట్లా రాశాడు. రెండోది బుడాపెస్ట్‌లో నడుస్తుంది, మూడోది స్టాక్‌హోం పార్కుల్లో. మూడూ అయ్యాక నాలుగోది ఎవరూ చెప్పకుండానే చేతికి వస్తుంది. నేను అటక మీదినుంచి ఆ పాత ప్రతిని దింపి దుమ్ము దులిపి చదివినాను. ఒక్క రాత్రి పట్టింది, బాడుగ పుస్తకం మాదిరిగానే.

వాలో, షోవాల్ తమ మొదటి నవలకు హంతకుడి పేరు పెట్టలేదు, డిటెక్టివు పేరూ పెట్టలేదు. చనిపోయిన ఆడమనిషి పేరు పెట్టినారు. నెలల తరబడి ఇంతమంది తిరిగింది ఆ పేరు కోసమే గదా. మా నాయన కూడా నాలుగు నెలలు తిరిగి ఒక పేరు పట్టుకొచ్చినాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి పేరు దొరికిందని చెప్పినాడు. నా చేతిలో యుగంధర్ నవల ఉంది. చివరి అధ్యాయంలో ఉన్నాను. తల ఎత్తి ఊ అన్నాను.

ఆమె పేరేమిటని అడగలేదు.