మీదే ఊరు? – కర్నల్ సి.కె. నాయుడు జీవితం

మా తాత కోస్తా నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి గోదావరిఖనిలో స్థిరపడ్డాడు. బాపు ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. అయినా రామగిరి ఖిల్లా నీడన మేం ఆడుకునే గ్రౌండులో జట్లు పంచుకునేటప్పుడు, మీ అసలు ఊరేదని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అలా అడిగినప్పుడల్లా నాకు కొట్టారి కనకయ్య నాయుడు గుర్తుకొస్తాడు.

నాయుడు పూర్వీకులది మచిలీపట్నం. ఆయన పుట్టకముందే ఆ కుటుంబం నాగపూరు చేరింది. 1895 అక్టోబరు 31న ఆయన అక్కడే పుట్టాడు. ఆ కాలంలో బొంబాయి పోటీల్లో జట్లన్నీ మతాన్ని బట్టే ఉండేవి. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు ఎవరి జట్టు వారిదే. 1916లో యూరోపియన్లతో మ్యాచి. హిందూ జట్టు 79 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు క్రీజులోకి వచ్చిన ఈ నాగపూరు కుర్రాడు మూడు బంతులు ఆపి, నాలుగోదాన్ని సిక్సరు కొట్టాడు!

అప్పట్లో ఆటగాడికి అన్నం పెట్టేది సంస్థానాలే. 1923లో హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో కొలువిచ్చాడు. అట్లా నాయుడు మకాం ఇండోరుకు మారింది. నాగపూరుకు వలస వచ్చిన ఇంటి బిడ్డకు అది మరో వలస.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై ఆయన 116 నిమిషాల్లో 153 పరుగులు చేశాడు. అందులో సిక్సర్లే 11. తెల్లవాళ్లతో సమానంగా ఆడగలమన్న ధైర్యం దేశానికి ఆ రోజు వచ్చింది. రెండేళ్లకే, 1928లో, మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో భారత జట్టు తొలి టెస్టుకు ఇంగ్లండు వెళ్లింది. నాయకత్వం మాత్రం రాజులకే! కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. తన ఆట అంతంతమాత్రమని తెలిసిన పోర్‌బందర్ తప్పుకున్నాడు, లింబ్డీ గాయపడ్డాడు. జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్‌గా అడుగుపెట్టింది మన నాయుడే. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్సులో మనవాళ్లందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశాడు. 158 పరుగులతో ఓడినా మన జట్టు పరువు నిలబెట్టుకుంది.

అయితే పుట్టుక బలం అంత తేలిగ్గా పోతుందా? 1936లో కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమారుడికి దక్కింది. ఆటలో తనకంటే ఎంతో చిన్నవాడైన ఆయన కింద నాయుడు ఆడాల్సి వచ్చింది. అయినా ఓవల్ టెస్టులో ఛాతీకి బంతి తగిలినా నిలబడి 81 పరుగులు చేశాడు. నొప్పిని పైకి చూపడం ఆయనకు గిట్టేది కాదు. తోటి ఆటగాళ్ల దగ్గరా అంతే కఠినంగా ఉండేవాడట.

తర్వాత హోల్కర్ జట్టుకు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిపెట్టాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే తొలిసారి రంజీ బరిలోకి దిగిన ఆంధ్ర జట్టుకు నాయకుడెవరనుకున్నారు? 58 ఏళ్ల నాయుడు! తాతముత్తాతలు విడిచిన గడ్డకు ఆయన బ్యాటు పట్టుకుని తిరిగి వచ్చాడన్నమాట. అక్కడా ఆగలేదు. 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున ఆడాడు. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూశాడు.

ఇంతకీ ఆయనది ఏ ఊరు? మచిలీపట్నమా, నాగపూరా, ఇండోరా? మూడూ మాదేనంటాయి. ఊరు అడిగి జట్టులో చోటివ్వడం సులువు, ఆట చూసి ఇవ్వడమే కష్టం. నేడు ఆయన పేరిట దేశంలోని యువకులు ట్రోఫీ ఆడుతున్నారు. మిత్రులారా, మన గ్రౌండులో కూడా ఇకనుంచి ఊరు కాకుండా ఆట అడుగుదాం. నన్నైతే ఎన్నో నంబర్లో దిగుతావని అడగండి, చాలు.